ఫైలు మీద సంతకం: కేంద్ర నేర దర్యాప్తులో పర్యవేక్షణాధికారి, ఎనభై ఏళ్ల సింహావలోకనం

2జీ స్పెక్ట్రం కేసులో 2017 డిసెంబరు 21న ఢిల్లీలోని ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది. నిందితులందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. దేశమంతా ఆ ఫలితం గురించే మాట్లాడుకుంది. తీర్పు రాసిన న్యాయమూర్తి ఓ.పి. సైనీ అందులో ప్రస్తావించిన మరో సంగతి మాత్రం అంతగా చర్చకు రాలేదు. ప్రాసిక్యూషన్ తరఫున దాఖలైన కాగితాల మీద సంతకం చేయడానికి సీనియర్ అధికారి గానీ, ప్రాసిక్యూటర్ గానీ సిద్ధపడలేదని, చివరికి కోర్టుకు వచ్చే ఇన్‌స్పెక్టరే సంతకం చేయాల్సి వచ్చిందని ఆయన నమోదు చేశారు. కోర్టు ముందు పెట్టేదానికి బాధ్యత వహించేవారే లేకపోయారన్నది ఆయన ఆవేదన. ఆ తీర్పు మీద సీబీఐ అప్పీలుకు వెళ్లింది, 2024లో ఢిల్లీ హైకోర్టు దాన్ని విచారణకు స్వీకరించింది. అప్పీలు ఎటు తేలినా, సంతకం గురించి సైనీ లేవనెత్తిన ప్రశ్న అలాగే ఉంటుంది.

సీబీఐలో దర్యాప్తు చేసేది ఇన్‌స్పెక్టరు, డీఎస్పీ. వార్తల్లో కనిపించేది డైరెక్టరు. ఈ రెండు కొసల మధ్య ఎస్పీ, డీఐజీ, జాయింట్ డైరెక్టర్ ఉంటారు. ఎవరిని ముందు ప్రశ్నించాలి, ఏ కాగితం స్వాధీనం చేసుకోవాలి, అరెస్టు అవసరమా, అభియోగపత్రం వేయాలా, ఆధారాల్లేవని మూసేయాలా అన్నవి తేలేది వాళ్ల బల్లల మీదే. కేసు నిలబడినా, కూలినా కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది. గత మూడు దశాబ్దాల్లో మనం చేసుకున్న సంస్కరణలు ప్రధానంగా డైరెక్టరు కుర్చీ చుట్టూ తిరిగాయి. మధ్య మెట్టు మీద కూర్చున్న పర్యవేక్షణాధికారికి దక్కాల్సిన రక్షణ, అతడి మీద ఉండాల్సిన జవాబుదారీ రెండూ అరకొరగానే మిగిలాయి. ఎనభై ఏళ్ల చరిత్రను తిరగేస్తే నాకు పదేపదే ఎదురైన పాఠం ఇదే.

యుద్ధం కన్న సంస్థ

రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా 1941లో స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ పుట్టింది. సైనిక సరఫరాల కాంట్రాక్టుల్లో డబ్బు వరదలా పారుతోంది, దాని వెంటే లంచాలూ పెరిగాయి. ఆయా రాష్ట్రాల పోలీసులు తేల్చగలిగిన వ్యవహారం కాదది. అందుకే యుద్ధ శాఖ కింద, ఒక డీఐజీ పర్యవేక్షణలో, లాహోర్ కేంద్రంగా ప్రత్యేక దళాన్ని నెలకొల్పారు. 1942 చివరికి రైల్వేల్లోని అవినీతి కూడా దాని పరిధిలోకి వచ్చింది. 1943లో ఆర్డినెన్సు, 1946లో ఢిల్లీ స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ చట్టం వచ్చాయి. అజమాయిషీ హోంశాఖకు మారింది.

యుద్ధకాలపు అవసరానికి రాసుకున్న ఆ చిన్న చట్టమే ఈనాటికీ సీబీఐకి ఆధారం. 1963 ఏప్రిల్ 1న హోంశాఖ ఒక తీర్మానంతో కేంద్ర దర్యాప్తు సంస్థను ఏర్పాటు చేసింది తప్ప పార్లమెంటు దానికంటూ ప్రత్యేక చట్టం చేయలేదు. ఈ లోపం వల్లే 2013 నవంబరు 6న గువాహటి హైకోర్టు సీబీఐ ఏర్పాటే చెల్లదని తీర్పిచ్చింది. మూడు రోజుల్లో సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపేసింది. ప్రత్యేక చట్టం కావాలని ఎల్.పి. సింగ్ కమిటీ 1978లోనే సిఫార్సు చేసింది. ఇటీవల పార్లమెంటరీ స్థాయీ సంఘమూ అదే మాట చెప్పింది. ప్రభుత్వాలు మారుతూ వచ్చాయి, ఆ సిఫార్సు మాత్రం అటకెక్కింది.

1946 చట్టంలోని రెండు సెక్షన్లు పర్యవేక్షణాధికారి జీవితాన్ని శాసిస్తాయి. నాలుగో సెక్షన్ ప్రకారం ఈ దళం అజమాయిషీ కేంద్ర ప్రభుత్వానిది. 2003 సవరణ తర్వాత అవినీతి కేసుల మేరకు అది కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు వెళ్లింది. ఆరో సెక్షన్ ప్రకారం రాష్ట్రం సమ్మతి లేనిదే ఆ రాష్ట్రంలో దర్యాప్తు అధికారం ఉండదు. తన పై యజమానే నిందితుడి వైపు ఉండవచ్చు, తాను అడుగుపెట్టాల్సిన రాష్ట్రం తలుపు వేయవచ్చు. ఈ రెండు ఒత్తిళ్ల మధ్యే అతడు పని చేయాలి.

తొలి డైరెక్టర్ డి.పి. కోహ్లీ ఆ ఒత్తిళ్లను ఎరిగినవాడు. 1955 నుంచి స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్‌ను నడిపి, 1963 నుంచి 1968 దాకా సీబీఐకి సారథ్యం వహించాడు. 1964లో ఆర్థిక నేరాల విభాగం చేరింది. అదే ఏడాది హైదరాబాద్ రామంతాపూర్‌లో సెంట్రల్ డిటెక్టివ్ ట్రైనింగ్ స్కూల్ మొదలైంది. 1975లో జాతీయ పోలీసు అకాడమీ మౌంట్ అబూ నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చింది. కేంద్ర దర్యాప్తు సంస్థల్లో ఎస్పీలుగా, డీఐజీలుగా కూర్చోబోయే ఐపీఎస్‌లు అప్పటినుంచి తొలి పాఠాలు మన ఊళ్లోనే దిద్దుతున్నారు.

బల్ల మీదికి వచ్చిన ఫైలు

పర్యవేక్షణ అంటే పైనుంచి ఫోన్లు చేసి 'ఎక్కడిదాకా వచ్చింది' అని అడగడం అనుకునేవాళ్లున్నారు. చట్టం దృష్టిలో అది అంతకంటే బరువైన పని. స్టేషన్ అధికారికి ఉన్న అధికారాలన్నీ అతడి పై అధికారులకూ ఉంటాయని పాత నేర శిక్షాస్మృతిలోని 36వ సెక్షన్ చెప్పేది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 30వ సెక్షన్ అయింది. దర్యాప్తు అధికారి రోజూ కేసు డైరీ రాస్తాడు. ఎస్పీ దాన్ని చదివి వ్యాఖ్యలు రాస్తాడు. దర్యాప్తు ముగిశాక తుది నివేదిక మీద ప్రాసిక్యూటర్లు, న్యాయాధికారులు అభిప్రాయాలు రాస్తారు. నిందితుడి హోదా, కేసు తీవ్రతను బట్టి ఫైలు డీఐజీకి, జాయింట్ డైరెక్టర్‌కు, ఇంకా పైకి వెళుతుంది. ఒక్కో మెట్టు దగ్గర ఒప్పుకోవచ్చు, విభేదించవచ్చు. ఏదైనా కాగితం మీద రాసి, కింద సంతకం చేయాల్సిందే.

ఒక లంచం కేసు దగ్గర ఆగి చూద్దాం. ఫిర్యాదుదారు తెచ్చిన నోట్ల నంబర్లు రాసుకుంటారు. వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. నోట్లు పుచ్చుకున్న ఉద్యోగి వేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచితే ఆ నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. వాటిని సీసాల్లో పోసి, సీలు వేసి, మధ్యవర్తుల సంతకాలు తీసుకుని ల్యాబుకు పంపుతారు. మర్నాడు పేపర్లో ఫొటో పడుతుంది. ఇక శిక్ష పడినట్టేనని జనం అనుకుంటారు.

అనుభవమున్న ఎస్పీ అంత తొందరగా నమ్మడు. లంచం అడగడం విన్నదెవరు అని అడుగుతాడు. చేతులు నోట్లను తాకాయని మాత్రమే గులాబీ రంగు చెబుతుంది. నోరు తెరిచి అడిగాడని అది చెప్పలేదు. ఆంధ్రప్రదేశ్ ఏసీబీ పెట్టిన రెండు కేసులు ఈ మెలిక దగ్గరే సుప్రీంకోర్టులో వీగిపోయాయి. 2014లో తేలినదాంట్లో ఫిర్యాదుదారు కోర్టులో ఎదురు తిరిగాడు. 2015లో తేలినదాంట్లో సాక్ష్యం చెప్పకముందే చనిపోయాడు. డబ్బు దొరికినంత మాత్రాన సరిపోదని, అడిగినట్టు రుజువు కావాలని కోర్టు స్పష్టం చేసింది. ఫిర్యాదుదారు లేకపోయినా, ఎదురు తిరిగినా పరిస్థితుల సాక్ష్యంతో ఆ రుజువు చూపవచ్చని 2022 డిసెంబరు 15న రాజ్యాంగ ధర్మాసనం దారి తెరిచింది. ఆ పరిస్థితుల సాక్ష్యం వలపన్నిన రోజే పోగు కావాలి. పక్కనున్న సాక్షి మాట వినపడేంత దగ్గరలో నిలబడ్డాడా? సంభాషణ రికార్డయిందా? ఫిర్యాదుదారు పని తాలూకు ఫైలు ఆ ఉద్యోగి దగ్గర ఎన్నాళ్లుగా ఆగి ఉంది? ఈ ప్రశ్నలు మొదటి రోజు డైరీ అంచున రాసే ఎస్పీ ఉంటే పదేళ్ల తర్వాత కేసు నిలబడుతుంది.

అధికారం రెండు వైపులా లాగిన కాలం

1970ల నాటికి సంస్థ పేరు మోగింది. పేరుతోపాటే దాన్ని వాడుకోవాలన్న ఆశా పెరిగింది. మారుతి సంస్థ మీద పార్లమెంటులో వచ్చిన ప్రశ్నకు సమాధానం కోసం వివరాలు సేకరించిన నలుగురు అధికారుల మీదికి 1975లో సీబీఐని ఉసిగొల్పిన తీరును ఎమర్జెన్సీ తర్వాత షా కమిషన్ ఎత్తిచూపింది.

ప్రభుత్వం మారాక జరిగింది కూడా తక్కువ పాఠం కాదు. 1977 అక్టోబరు 3న సీబీఐ ఇందిరాగాంధీని అరెస్టు చేసింది. మర్నాడే ఢిల్లీ మెజిస్ట్రేట్ ఆమెను విడుదల చేశారు, నిర్బంధానికి తగిన ఆధారాలు ఆయనకు కనిపించలేదు. ఆ అరెస్టు ఆమె రాజకీయ పునరాగమనానికి ఊతమిచ్చింది. మొదటి ఉదంతంలో పాలకుల కోసం అమాయకులను వేధించారు. రెండోదాంట్లో కొత్త పాలకుల తొందర కోసం ఆధారాలకంటే ముందు అరెస్టు పరిగెత్తింది. ఎవరు గద్దె మీద ఉన్నా, కింద నుంచి 'ఇంకా సిద్ధం కాలేదు' అని రాతపూర్వకంగా చెప్పే అధికారి ఉండి, ఆ మాట చెల్లుబాటయి ఉంటే ఈ రెండూ జరిగేవి కావు.

అదే దశాబ్దంలో మొదలైన ఇంకో కేసు వేరే జబ్బును బయటపెట్టింది. రైల్వే మంత్రి ఎల్.ఎన్. మిశ్రా 1975 జనవరిలో సమస్తీపూర్ బాంబు దాడిలో గాయపడి మరణించారు. కింది కోర్టులో తీర్పు వచ్చింది 2014 డిసెంబరులో. దాదాపు నలభై ఏళ్లు! అన్నేళ్లలో దర్యాప్తు చేసినవాళ్లు, పర్యవేక్షించినవాళ్లు, సాక్షులు ఎంతమంది కాలం చేసి ఉంటారో ఊహించుకోవచ్చు. ఇక శిక్ష పడినా అది ఎవరికి సాంత్వన?

శ్రీపెరంబుదూరు: పర్యవేక్షణ తారస్థాయి

1991 మే 21 రాత్రి రాజీవ్ గాంధీ హత్య జరిగింది. దర్యాప్తు సీబీఐ ప్రత్యేక బృందానికి అప్పగించారు. సారథిగా ఎంచుకున్న డి.ఆర్. కార్తికేయన్ అప్పుడు హైదరాబాద్‌లో సీఆర్పీఎఫ్ ఐజీ. రాధా వినోద్ రాజు డీఐజీగా ఆయన పక్కన నిలిచారు. చెన్నైలోని 'మల్లిగై' భవనం వాళ్ల కార్యాలయమైంది.

పేలుడులో చనిపోయిన ఫొటోగ్రాఫర్ హరిబాబు కెమెరా చెక్కుచెదరకుండా దొరికింది. అందులోని ఫిల్ములో దండ పట్టుకుని నిలబడ్డ యువతి, కుర్తా పైజామా వేసుకున్న వ్యక్తి కనిపించారు. ఆ వ్యక్తే హంతక బృందానికి నాయకుడు శివరాసన్. ఆ కొద్ది ఫొటోల నుంచి పేర్లు, పేర్ల నుంచి ఇళ్లు, ఇళ్ల నుంచి ఉత్తరాలు, వైర్‌లెస్ సందేశాలు ఒక్కొక్కటిగా అల్లుకుంటూ పోయారు. ఏడాది తిరిగే లోపే, 1992 మే 20న, అభియోగపత్రం దాఖలైంది.

వెలితి కూడా ఉంది. 1991 ఆగస్టులో బెంగళూరు శివారు కోననకుంటెలో శివరాసన్ బృందం ఉన్న ఇంటిని చుట్టుముట్టారు. ప్రాణాలతో పట్టుకోవాలన్న ఉద్దేశంతో కమాండోల కోసం, సయనైడ్‌కు విరుగుడు తెచ్చేవారి కోసం ఆగారు. ఆగస్టు 20 ఉదయం లోపలికి వెళ్లేసరికి ఏడుగురూ శవాలై ఉన్నారు. ఆగడం సబబా కాదా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. అలాంటి రాత్రి నిర్ణయం తీసుకోవాల్సింది పర్యవేక్షణాధికారే, దాని భారం జీవితాంతం మోయాల్సిందీ అతడే.

288 మంది సాక్షులను విచారించాక 1998 జనవరి 28న టాడా కోర్టు 26 మందికీ మరణశిక్ష వేసింది. 1999 మే 11న సుప్రీంకోర్టు నలుగురికి దాన్ని ఖాయం చేసి, ముగ్గురికి యావజ్జీవంగా మార్చి, 19 మందిని విడిచిపెట్టింది. హత్య ఎవరు ఎలా చేశారన్న మూల కథనం అత్యున్నత న్యాయస్థానంలో నిలబడింది, చుట్టూ వేసిన వల మాత్రం మరీ వెడల్పయిందని తేలింది. ఎవరిని చేర్చాలో తేల్చుకోవడం ఎంత ముఖ్యమో, ఎవరిని వదలాలో తేల్చుకోవడమూ అంతే ముఖ్యమని ఈ లెక్క చెబుతుంది. ఆ బృందం నేర్పిన విద్య వృథా పోలేదు. 2008 ముంబై దాడుల తర్వాత జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) ఏర్పడినప్పుడు దాని తొలి డైరెక్టర్ జనరల్ అయ్యింది ఆ రాధా వినోద్ రాజే.

వరంగల్ బిడ్డ సారథ్యంలో

ఉమ్మడి వరంగల్ జిల్లా ఏటూరునాగారంలో పుట్టి, హైదరాబాద్ పోలీస్ కమిషనర్‌గా పేరు తెచ్చుకున్న కె. విజయరామారావు 1993 జులై నుంచి 1996 జులై దాకా సీబీఐ డైరెక్టర్. 257 మందిని బలిగొన్న ముంబై పేలుళ్ల కేసు, బాబ్రీ మసీదు కేసు, హవాలా కేసు, ఇస్రో గూఢచర్యం కేసు అన్నీ ఆ మూడేళ్లలో ఆ కార్యాలయంలోనే ఉన్నాయి.

వీటిలో ఇస్రో కేసు నా దృష్టిలో మిగతావాటికంటే పెద్ద పరీక్ష. 1994 డిసెంబరులో కేరళ పోలీసుల నుంచి కేసు సీబీఐకి వచ్చేనాటికి దేశమంతా శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను దేశద్రోహిగా తీర్మానించేసింది. ఆ గాలికి కొట్టుకుపోవడం చాలా తేలిక. సీబీఐ ప్రతి ఆరోపణనూ విడివిడిగా పరీక్షించి, గూఢచర్యమే జరగలేదని 1996లో ముగింపు నివేదిక ఇచ్చింది, కోర్టు దాన్ని ఆమోదించింది. మళ్లీ తవ్వాలన్న రాష్ట్ర ప్రభుత్వ ప్రయత్నాన్ని 1998లో సుప్రీంకోర్టు అడ్డుకుంది. 2018 సెప్టెంబరు 14న ఆయనకు 50 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. 'కేసు లేదు' అని రాసి సంతకం పెట్టడానికి కావాల్సిన ధైర్యం, అభియోగపత్రం వేయడానికి కావాల్సిన ధైర్యంకంటే ఏమాత్రం తక్కువది కాదు.

హవాలా కేసు దీనికి అద్దం అటువైపు. జైన్ సోదరుల డైరీలు 1991 మేలోనే సోదాల్లో దొరికాయి. పెద్దల పేర్లు కనిపించేసరికి ఫైలు నిద్రపోయింది. 1993లో ప్రజాహిత వ్యాజ్యం పడ్డాక, సుప్రీంకోర్టు వెంటబడ్డాక 1996 జనవరిలో కేంద్ర మంత్రుల మీద కూడా చర్యలు మొదలయ్యాయి. 1998 మార్చిలో సుప్రీంకోర్టు ఆ డైరీల్లోని విడి కాగితాలు సాక్ష్యంగా పనికిరావని, డైరీ రాతలకు స్వతంత్రమైన బలం కావాలని చెప్పడంతో కేసు కుప్పకూలింది. డబ్బు ఎక్కడ పుట్టి ఎక్కడికి చేరిందో వెతకాల్సిన వేళ చేతులు ముడుచుకుని కూర్చుంటే, తర్వాత ఎంత స్వేచ్ఛ ఇచ్చినా లాభం లేదు.

ఓడిపోయిన ఆ కేసే సంస్థకు పెద్ద రక్షణను సంపాదించి పెట్టింది. 1997 డిసెంబరు 18 నాటి వినీత్ నారాయణ్ తీర్పుతో డైరెక్టర్‌కు కనీసం రెండేళ్ల పదవీకాలం, కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు చట్టబద్ధత వచ్చాయి. పై స్థాయి అధికారులపై విచారణకు ముందస్తు అనుమతి కావాలన్న నిబంధన రద్దయింది. 2003 చట్టంలో అదే నిబంధన దొడ్డిదారిన తిరిగొస్తే 2014 మే 6న రాజ్యాంగ ధర్మాసనం మళ్లీ కొట్టేసింది.

మధ్య మెట్టు అధికారి ఎంత నిలబడగలడో అదే కాలంలో పట్నాలో తేలింది. 1996 మార్చిలో హైకోర్టు ఆదేశంతో దాణా కుంభకోణం దర్యాప్తు తూర్పు ప్రాంత జాయింట్ డైరెక్టర్ యు.ఎన్. బిశ్వాస్ చేతికొచ్చింది. ఆయన నివేదికను ఢిల్లీలో మార్చారన్న సంగతి బయటపడ్డాక, ఇకనుంచి నేరుగా తమకే నివేదించమని హైకోర్టు ఆదేశించింది. లాలూప్రసాద్ అరెస్టు వేళ ఆయన సైన్యం సాయం కోరడం విమర్శలకు తావిచ్చింది, ఆ విమర్శలో న్యాయం ఉంది. అయినా కాగితం మీద కట్టిన కేసు 2013లో శిక్షదాకా నిలిచింది. ట్రెజరీ బిల్లులు, రవాణా చలాన్లు, లారీలని రాసుకున్న బండ్ల రిజిస్ట్రేషన్ నంబర్లు అబద్ధమాడవు కదా.

కోఠి నుంచి కనిపించిన దేశం

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం హైదరాబాద్‌ను కుదిపేసింది. పుస్తకాల్లో 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు చూపితే అందులో 5,040 కోట్లు లేనే లేవు! సీఐడీ మొదలుపెట్టిన దర్యాప్తు ఫిబ్రవరిలో సీబీఐకి వచ్చింది. డీఐజీ వి.వి. లక్ష్మీనారాయణ నాయకత్వంలో పోలీసులతోపాటు ఆడిటింగ్, బ్యాంకింగ్, కంప్యూటర్ నిపుణులతో బహుళ విభాగాల బృందం ఏర్పడింది.

పర్యవేక్షణాధికారి గడియారం ఎలా పరిగెడుతుందో చూడాలంటే ఇక్కడ తేదీలు లెక్కేయాలి. రాజు అరెస్టు జనవరి 9 రాత్రి. తొంభై రోజుల్లో అభియోగపత్రం పడకపోతే నిందితుడికి బెయిలు హక్కుగా వచ్చేస్తుంది. ఏప్రిల్ రెండో వారానికల్లా గడువు తీరిపోతుంది. ఏప్రిల్ 7న అభియోగపత్రం కోర్టుకు చేరింది. కేసు చేతికొచ్చి రెండు నెలలు నిండలేదు. ఆ కొద్ది వారాల్లో ఏది ఇప్పుడే తేల్చాలి, ఏది అనుబంధ అభియోగపత్రానికి వదలాలి అని విడదీయడమే నాయకుడి నైపుణ్యం. ఏడు వేలకు పైగా నకిలీ ఇన్వాయిస్‌లు, బ్యాంకు పేరిట పుట్టించిన డిపాజిట్ రసీదులు, అసలు బ్యాంకు ఇచ్చిన స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టి చూపించారు. ఉత్తరంలో నేరం ఒప్పుకున్నాడు కదా అని దాని మీదే ఆధారపడి ఉంటే కేసు నీరుగారేది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చింది. తర్వాత అప్పీలులో శిక్ష నిలుపుదల అయింది.

జాయింట్ డైరెక్టర్ అయ్యాక లక్ష్మీనారాయణకు 'జేడీ' ఇంటిపేరులా స్థిరపడింది. కోఠిలోని సీబీఐ కార్యాలయం ముందు, దిల్‌కుష అతిథి గృహం ముందు ఓబీ వ్యాన్లు కాపు కాసేవి. ఓబుళాపురం గనుల కేసు, జగన్ ఆస్తుల కేసు ఒకే గొడుగు కింద నడిచాయి. 2009 డిసెంబరులో నమోదైన ఓబుళాపురం కేసులో తీర్పు 2025 మే 6న వచ్చింది. గాలి జనార్దనరెడ్డి సహా నిందితుల్లో పలువురికి శిక్షలు, మాజీ మంత్రి సబితా ఇంద్రారెడ్డికి విముక్తి. ఆ శిక్షలు మళ్లీ హైకోర్టులో సవాలుకు గురయ్యాయి. 2011లో హైకోర్టు ఆదేశంతో మొదలైన ఆస్తుల కేసులో విచారణ ఏళ్ల తరబడి సాగుతోంది. దర్యాప్తును నెలల్లో ముగించినా న్యాయం దశాబ్దాలు నడిస్తే, నేరం చేసినవాడికి భయం పోతుంది, చేయనివాడికి బతుకు పోతుంది.

ఇక్కడే ఇంకో సంగతి నిర్మొహమాటంగా చెప్పాలి. విజయరామారావు ఉద్యోగ విరమణ తర్వాత తెలుగుదేశంలో చేరి 1999లో ఖైరతాబాద్ నుంచి గెలిచి మంత్రి అయ్యారు. బిశ్వాస్ 2011లో పశ్చిమ బెంగాల్ మంత్రి అయ్యారు. లక్ష్మీనారాయణ 2018లో స్వచ్ఛంద విరమణ తీసుకుని మరుసటి ఏడాది విశాఖలో లోక్‌సభకు పోటీ చేశారు. పౌరులుగా అది వాళ్ల హక్కు. వాళ్ల దర్యాప్తులో తప్పుందనడానికి ఇది రుజువూ కాదు. అయితే రాజకీయ నాయకుల మీద కేసులు నడిపిన అధికారి రాజకీయాల్లోకి వస్తే, పాత ఫైళ్లన్నింటినీ అనుమానించే అవకాశం నిందితుడికి ఉచితంగా దొరుకుతుంది. అలాంటి కేసుల విచారణ ముగిసేదాకా, లేదా కొన్నేళ్లపాటైనా, ఎన్నికల బరికి దూరంగా ఉండాలన్న నియమం సంస్థ గౌరవానికి అవసరం.

అర్ధరాత్రి బదిలీలు

2013 మేలో బొగ్గు కేసు విచారిస్తూ సుప్రీంకోర్టు సీబీఐని పంజరంలో చిలుకతో పోల్చింది. దర్యాప్తు నివేదిక ముసాయిదా కోర్టుకంటే ముందు మంత్రి చేతికి వెళ్లడమే అందుకు కారణం. ఆ ఏడాది చివర్లో వచ్చిన లోక్‌పాల్ చట్టం డైరెక్టర్ ఎంపికను ప్రధాని, ప్రతిపక్ష నేత, ప్రధాన న్యాయమూర్తి ఉన్న కమిటీకి అప్పగించింది. 2021లో పదవీకాలం ఐదేళ్ల దాకా పొడిగించే వీలు కల్పించారు. ఏడాదికోసారి పొడిగింపు అంటే పదవి కాపాడుకోవడానికి ప్రభుత్వం ముఖం చూడాల్సిన పరిస్థితి కూడా దాంతోపాటే వచ్చింది.

ఈ లోపు 2018 అక్టోబరులో డైరెక్టర్ అలోక్ వర్మ, ప్రత్యేక డైరెక్టర్ రాకేశ్ అస్థానా పరస్పరం ఆరోపణలకు దిగారు. అక్టోబరు 23 అర్ధరాత్రి ఇద్దరినీ సెలవుపై పంపి, ఉమ్మడి వరంగల్ జిల్లాకే చెందిన ఎం. నాగేశ్వరరావుకు తాత్కాలిక బాధ్యతలిచ్చారు. తెల్లారేసరికి అస్థానా మీద కేసు చూస్తున్న అధికారులు చెల్లాచెదురయ్యారు. దర్యాప్తు డీఎస్పీ పోర్ట్ బ్లెయిర్‌కు, పర్యవేక్షిస్తున్న డీఐజీ నాగపూర్‌కు. డైరెక్టర్‌కు కోర్టు తలుపు తట్టే వీలుంది, 2019 జనవరి 8న వర్మ కుర్చీ తిరిగి దక్కించుకున్నారు కూడా. రెండు రోజులకే ఎంపిక కమిటీ ఆయన్ను తప్పించడం వేరే సంగతి. పోర్ట్ బ్లెయిర్ ఉత్తర్వు అందుకున్న అధికారికి అంత అండ ఎక్కడిది?

ముజఫర్‌పూర్ వసతి గృహంలో బాలికలపై అత్యాచారాల కేసు ఇదే ప్రశ్నను ఇంకా పదునుగా ముందుకు తెచ్చింది. ఆ దర్యాప్తును పర్యవేక్షిస్తున్న జాయింట్ డైరెక్టర్ ఎ.కె. శర్మను మార్చవద్దని సుప్రీంకోర్టు ముందే చెప్పింది. అయినా 2019 జనవరిలో ఆయన్ను సీఆర్పీఎఫ్‌కు పంపేశారు. ఫిబ్రవరి 12న కోర్టు నాగేశ్వరరావును ధిక్కార దోషిగా తేల్చి లక్ష రూపాయల జరిమానా వేసి, కోర్టు లేచేదాకా గదిలో ఒక మూల కూర్చోబెట్టింది. ఒక పర్యవేక్షణాధికారి కొనసాగింపు కోసం అత్యున్నత న్యాయస్థానం అంతదూరం వెళ్లింది. కోర్టు దృష్టిలో పడని వేలాది కేసుల్లో అలాంటి కాపలా ఉండదు.

న్యాయస్థానం కల్పించుకోవడం ఎప్పుడూ అధికారిని నిలబెట్టడానికే కాదు. వివేకానందరెడ్డి హత్య కేసు దర్యాప్తు నత్తనడకన సాగుతోందని 2023 మార్చిలో సుప్రీంకోర్టు దర్యాప్తు అధికారిని మార్చి, డీఐజీ ఆధ్వర్యంలో కొత్త బృందాన్ని నియమించింది. రక్షణతోపాటు జవాబుదారీ కూడా ఉండాలన్న మాటకు ఇది ఉదాహరణ.

సరిహద్దులు, సమ్మతులు

1946 చట్టంలోని ఆరో సెక్షన్ తాకిడి మన రెండు రాష్ట్రాలూ చూశాయి. 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ సాధారణ సమ్మతిని ఉపసంహరించింది, 2019 జూన్‌లో కొత్త ప్రభుత్వం పునరుద్ధరించింది. తెలంగాణ 2022 ఆగస్టు 30న ఉపసంహరించింది. పార్టీల సమీకరణం మారినప్పుడల్లా తలుపు తెరుచుకోవడం, మూసుకోవడం చూస్తే రెండు వైపులా అపనమ్మకం ఎంత లోతుగా ఉందో తెలుస్తుంది. హైకోర్టులు ఆదేశిస్తే సమ్మతి అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే పెద్ద కేసులు చాలా ఇప్పుడు కోర్టు మెట్ల మీదుగానే సీబీఐకి వస్తున్నాయి. 2008 చట్టంతో ఏర్పడిన ఎన్ఐఏకు ఈ చిక్కు లేదు. 2013 ఫిబ్రవరి 21 దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ల కేసులో ఆ సంస్థ 2016 డిసెంబరుకల్లా ఐదుగురికి శిక్ష పడేలా చూసింది. తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో దాన్ని సమర్థించింది. అధికార పరిధి స్పష్టంగా ఉంటే దర్యాప్తుకు ఎంత వేగం వస్తుందో ఇది చూపుతుంది.

నేరం కూడా రూపు మార్చుకుంది. సీబీఐ అధికారులమంటూ వీడియో కాల్ చేసి, 'డిజిటల్ అరెస్టు' అని బెదిరించి, విశ్రాంత ఉద్యోగుల జీవితకాలపు పొదుపును దోచుకునే ముఠాలు మన ఇళ్లలోకే వచ్చాయి. ఆ డబ్బు గంటల్లో పదుల ఖాతాల మీదుగా దేశం దాటుతుంది. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అన్నదే లేదని ప్రతి ఇంటికీ తెలియాలి. కొత్త సంహిత సోదాల వీడియో చిత్రీకరణను తప్పనిసరి చేసింది. ఫోను స్వాధీనం చేసుకున్న క్షణంలో అందులోని డేటా తర్వాత మారలేదని చూపే హాష్ విలువ నమోదు చేశారా అన్నది నేటి ఎస్పీ అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో ఒకటి.

ఇప్పుడు చేయాల్సింది

2003 సవరణతో ఎస్పీ, ఆపై స్థాయి నియామకాలు, పదవీకాలం కుదింపు కేంద్ర విజిలెన్స్ కమిషనర్ నాయకత్వంలోని కమిటీ సిఫార్సుతో జరగాలన్న నిబంధన వచ్చింది. అది మంచి మెట్టే. సంస్థ లోపలి బదిలీలను, ఒక కేసు నుంచి అధికారిని తప్పించడాన్ని అది ఆపలేకపోయిందని 2018 రుజువు చేసింది. ఇకపై మూడు పనులు జరగాలి. ముఖ్యమైన కేసును పర్యవేక్షించే డీఐజీ, జాయింట్ డైరెక్టర్‌లను అభియోగపత్రం పడేదాకా, రాతపూర్వక కారణాలు లేకుండా, ఆ కమిటీ ఆమోదం లేకుండా కదపకూడదు. కింది అధికారి, న్యాయాధికారి, పర్యవేక్షకుడు విభేదించిన ప్రతి చోటా ఆ రాతలు భద్రంగా ఉండాలి, కోర్టు అడిగితే చూపాలి. కోర్టుకు వెళ్లే ప్రతి తుది నివేదిక మీద నిర్ణయం ఎవరిదో వాళ్ల పేరు, సంతకం ఉండాలి. కేసు గెలిచినా, ఓడినా కారణాలు ఆ అధికారి సేవా రికార్డులోకి ఎక్కాలి. వీటన్నిటికీ చట్టబద్ధమైన పునాదిగా 1946 నాటి చట్టం స్థానంలో సీబీఐకి సొంత చట్టం రావాలి.

పర్యవేక్షణాధికారి కోసం నేను ఇంతగా వాదించడానికి కారణం ఒక్కటే. లంచం ఇవ్వలేక ఫిర్యాదు చేసిన చిన్న రైతుకైనా, తప్పుడు కేసులో ఇరుక్కున్న శాస్త్రవేత్తకైనా, పేలుళ్లలో బిడ్డను పోగొట్టుకున్న తల్లికైనా న్యాయం అందేది అతడి ద్వారానే. పైవాళ్ల మాటకంటే ఫైలులోని సాక్ష్యానికే విలువిచ్చి నిజాయితీగా రాసే అధికారిని కాపాడే వ్యవస్థను, రాయనివాణ్ని నిలదీసే వ్యవస్థను మనం ఇంకా కట్టుకోలేదు. ఇన్నేళ్ల అనుభవం తర్వాత కూడా దాన్ని వాయిదా వేస్తే ఆ తప్పు అధికారులది కాదు, చట్టం చేయాల్సిన ప్రజాప్రతినిధులది, దాన్ని అడగాల్సిన మనది.